కుడి చెవి కోసిన రోజు

నిజాం రోజుల్లో నల్గొండ దగ్గర మేం గొర్రెలు కాసేవాళ్ళం. మందలు కలిసినా గుర్తుపట్టేందుకు గొర్రెపిల్లలకు చెవి కొస కోసేవాళ్ళం. మావాటికి ఎడమ, మా అక్క మొగుడివాటికి కుడి.

తల్లి చచ్చిపోతే నేనే పాలు పట్టి పెంచిన పొట్టేలుపిల్లను ఆ రోజు ఒళ్ళో పెట్టుకుని కత్తి తీశాను.

"బామ్మర్దీ, జర పట్వారి నడక చూపియ్!" అన్నాడు బావ.

లేచి, ఊరి లెక్కలు రాసే ఆయనలాగే నడిచి, మాట్లాడి చూపించాను. పడీపడీ నవ్వాడు. ఆ ఊపులోనే కూర్చుని కుడి చెవి కోసేశాను.

"అయ్యో, గిది నాది బావా!"

"చెవి జూడు. కుడి చెవి నాది గాదా?"

వేళాకోళమనుకున్నాను. పిల్లను భుజాన వేసుకుని పోయాడు. కత్తి తప్పు చెవి మీద పెట్టినప్పుడే చూసి ఊరుకున్నాడని తర్వాత అక్క చెప్పింది.

మూడో తరగతిలో బడి మానిన నాకు ఉన్నదల్లా నలుగురినీ నవ్వించే నోరే. కత్తి పడితే మాత్రం ఇప్పటికీ పలకను. నా గొంతు వినబడితే చాలు, బావ మందలోంచి ఆ పిల్ల అరిచేది.