ఆ బిట్టు మీద అబ్జెక్షన్

కోచింగ్ సెంటర్లకు పేరుపడ్డ అశోక్‌నగర్‌లో ఏ విషయమైనా బిట్టుగా మారేదాకా ఎవరికీ నిద్ర పట్టదు. ఒక ప్రశ్న, నాలుగు ఆప్షన్లు, ఒక జవాబు. అక్కడ ఒక కోచింగ్ సెంటర్‌లో టీచర్ పోస్టుల పరీక్షకు సైకాలజీ చెబుతాను. వయసు మీద పడింది, మైకు లేకపోతే గొంతు లేదు. అయినా మూర్తిమత్వ రకాల పాఠం రోజున హాలు నిండిపోతుంది. నా గొప్ప కాదు, క్రికెట్ గొప్ప. వికెట్ పడ్డా ముఖం కదలని కెప్టెన్ అంతర్ముఖుడు, వికెట్ తీయగానే మైదానమంతా పరిగెత్తే బౌలర్ బహిర్ముఖుడు, రోజును బట్టి ఉండేవాడు ఉభయముఖుడు. పిల్లలు చప్పట్లు కొడతారు. చెప్పేవాడికి వినేవాడు లోకువని ఊరికే అనలేదు.

ఆ హాల్లో ఫ్యాన్ కింద, ముందు వరుసలో ఒక అమ్మాయి కూర్చునేది. నల్గొండ వైపు నుంచి వచ్చి ఇక్కడే హాస్టల్లో ఉండి చదువుకునేది. రెండుసార్లు పరీక్ష రాసి కొద్దిలో తప్పింది. మూడోసారికి నోటిఫికేషన్ ఇదిగో అదిగో అంటూ జరుగుతూనే ఉంది. చాలు, వచ్చెయ్యమని ఇంటి నుంచి రోజూ ఫోన్లు. ఉంటుందో, బెడ్ ఖాళీ చేస్తుందో ఆ వారంలో హాస్టల్ ఆంటీకి చెప్పాలి. ఆమె ఉండాలనే నా కోరిక. అక్కడ ఉద్యోగం కావాలనుకునేవాళ్లే అందరూ. పిల్లలకు చదువు చెప్పాలని తహతహలాడేది ఆ పిల్ల ఒక్కతే.

అప్పుడే ఒక పేరున్న బ్యాడ్మింటన్ క్రీడాకారిణి, పేరెందుకు లెండి, అలసిపోయాను, కొన్నాళ్లు రాకెట్ పట్టను అని విలేకరులకు చెప్పి లేచి వెళ్లిపోయింది. ఇక చూస్కోండి! చిక్కడపల్లిలో మా ఇంటి కింద టీ కొట్టు నుంచి నారాయణగూడ చౌరస్తా దాకా అందరూ సైకాలజిస్టులే. "గామెకు జర గుండె ధైర్యం తక్కువన్నా" అని ఒకడు. "ముందు నుంచి అంతర్ముఖియే, చూస్తలేవా, నవ్వనే నవ్వదు" అని ఇంకొకడు. ఎద్దు పుండు కాకికి నొప్పా? ఆ కాకుల్లో నేనూ ఒకణ్ణి. తాజా వార్త కలిపితే సెంటర్ యజమానికి సంతోషం కదా అని ఆదివారం టెస్టులో బిట్టు పెట్టాను. పేరున్న దశలో ఆట ఆపిన క్రీడాకారిణి ఏ రకం? కీలో జవాబు, అంతర్ముఖి.

మా దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. అసలు పరీక్షల కీ మీద అభ్యంతరాలు పెట్టినట్టే, మా టెస్టు కీ మీద కూడా సోమవారం ఎవరైనా లేచి అబ్జెక్షన్ చెప్పొచ్చు. జవాబు తప్పైతే కీ మారుస్తాం. ప్రశ్నే తప్పైతే బిట్టు తీసేసి అందరికీ మార్కు కలుపుతాం.

ఆ సోమవారం ఆమె లేచింది.

"సార్, గా బ్యాడ్మింటన్ బిట్టు మీద అబ్జెక్షన్."

"ఆధారం ఏ పుస్తకంలో ఉందమ్మా?"

"పుస్తకంల లేదు సార్. అలసిపోయిన అని ఆమెనే చెప్పింది గదా. అది ఆప్షన్లనే లేదు."

వెనక నవ్వులు. "అలసట ఒక స్థితి తల్లీ, మూర్తిమత్వ రకం కాదు" అన్నాను, పాఠం చెప్పే గొంతుతోనే.

"నేను గదే అంటున్న సార్. గెలిచినప్పుడు గూడ గదే మనిషి గదా, అప్పుడు ఎవ్వరు రకం అడగలే. ఆగితేనే అడుగుతున్రు."

నాకు ఒళ్లు మండింది. ఆమె మీద కాదు, నా బిట్టు మీద. "సరే, బిట్టు డిలీట్. అందరికీ మార్కు" అన్నాను. హాలంతా కేకలు, చప్పట్లు. ఆమె చప్పట్లు కొట్టలేదు.

క్లాసయ్యాక మెట్ల దగ్గర ఆపి అడిగాను, ఆంటీకి ఏం చెప్పావని.

"ఖాళీ చేస్తున్న అని చెప్పిన సార్."

"ఇంకొక్కసారి రాయమ్మా. ఇంత దూరం ఈది, ఒడ్డు దగ్గర..."

"ఒడ్డు కనబడ్తలేదు సార్." తిరిగి నన్నే అడిగింది. "మీకు అలసట రాదా సార్?"

వస్తుంది తల్లీ, పొద్దున లేవగానే వస్తుంది అని నోటిదాకా వచ్చింది. పై అంతస్తులో తర్వాతి బ్యాచ్ కూర్చుని ఉంది. "నాకేం, బాగానే ఉన్నా" అన్నాను.

ఆమె నమ్మలేదు. బ్యాగు భుజానికి ఎత్తుకుంది. "మనోళ్లు ఎవరన్న అడిగితే, భయపడి పోయింది, అంతర్ముఖి అని చెప్పకుండ్రి సార్. అలసిపోయి ఇంటికి పోయిందని చెప్పుండ్రి."

"చెప్తానమ్మా."

మర్నాడే ఫ్యాన్ కింద ఆ సీట్లో ఇంకో అమ్మాయి కూర్చుంది. గాలి బాగా తగిలే సీటు, ఖాళీగా ఎందుకుంటుంది? చెప్పాల్సిన మాట నా దగ్గర సిద్ధంగానే ఉంది. ఇంతవరకు ఎవరూ అడగలేదు.