వెనక్కి తీసుకున్న బరువు

మొన్న ఆదివారం మా అమ్మాయి ఫోన్‌లో ఒక సైన్సు వార్త పంపి, "అమ్మా, ఇది డాడీ స్టార్ కదా?" అని అడిగింది. షికాగో దగ్గర నేపర్‌విల్‌లో, ఈ ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని మళ్లీ మళ్లీ చదువుకున్నాను. అవును, మావారి నక్షత్రమే. దాని జంటగా ఉన్నది బ్లాక్‌హోలేనని, అనుమానమే లేదని కొత్తవాళ్లెవరో తేల్చారట.

మా తరంవాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో అమెరికా యూనివర్సిటీల్లో ఉద్యోగం పర్మనెంటు కావడమంటే మాటలు కాదు. మావారు ఎక్స్‌రేలు చిమ్మే జంట నక్షత్రాలను తూచేవారు. జంటలో ఒకటి కంటికి కనబడదు. కనబడేది దాని చుట్టూ ఎంత వేగంగా తిరుగుతోందో, ఆ దారి మనవైపు ఎంత వాలి ఉందో తెలిస్తే కనబడనిదాని బరువు లెక్కకు వస్తుందని చెప్పేవారు. వేగం దొరికేది గానీ, వాలును మాత్రం నక్షత్రం వెలుగులోని హెచ్చుతగ్గులను బట్టే పోల్చుకోవాలి. కనబడనిదాని చుట్టూ తిరిగే వేడి వాయువు తన వెలుగునూ అందులో కలిపేస్తే, బరువు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుందట. అందుకని, పొంగిన పాలు దిగేదాకా పొయ్యి దగ్గర నిలబడ్డట్టు, ఆ వాయువు సద్దుమణిగేదాకా ఏళ్ల తరబడి కాచుక్కూర్చున్నారు.

చివరికి బరువు తేలింది. ఒక హద్దు దాటితేనే బ్లాక్‌హోలట, ఇది దాటింది, బ్లాక్‌హోలే అన్నారు. ఆ లెక్క రాసిన పేపర్ సైన్సు పత్రికలో అచ్చయితే ఉద్యోగం ఖాయం. నేను ఇల్లు కూడా చూసిపెట్టుకున్నాను. తీరా పంపబోయే వారంలో ఆయనకు అనుమానం పట్టుకుంది. "ఆ వాయువు వెలుగు ఇంకా కాస్త మిగిలుందేమోనే, తేలకుండా ఎలా పంపను?" అన్నారు. ఏడ్చాను, కసిరాను, చంటిపిల్లను ఎదుట పెట్టి అడిగాను. ఊహూఁ, వినలేదు. పేపర్ ఆగింది, ఉద్యోగం పోయింది, మేం ఈ ఊరొచ్చాం. రోజూ రైలెక్కి షికాగో వెళ్లి, ఇన్సూరెన్సు కంపెనీలో ప్రోగ్రాములు రాసుకుంటూ రిటైరయ్యారు. ఆ నక్షత్రం మాట ఎత్తితే లేచి గరాజ్‌లోకి వెళ్లిపోయేవారు. నిరుడు పోయారు.

ఇప్పుడు వీళ్లు తేల్చిన బరువూ ఆయన మొదట కట్టిన బరువే! ఈ వార్త చూడకుండా పోవడమే మేలయిందని కాసేపు అనుకున్నాను గానీ, ఆయన సంగతి నాకు తెలియదూ? ఉండి ఉంటే, పోయిన ఉద్యోగం గురించి ఒక్క మాట అనేవారు కాదు. కళ్లజోడు తుడుచుకుని, ఆ వెలుగు మిగల్లేదని వీళ్లెలా తేల్చారే అని ముందు అదే అడిగేవారు. వార్తంతా వెతికాను, అది మాత్రం రాయలేదు. ఈ కాలంలో బ్లాక్‌హోల్ అంటే చాలు, ఎలా తెలిసిందని అడిగేవాళ్లు తక్కువ. అడగాలని ఉన్న మనిషిని ఈ ఇంట్లో నేనొక్కదాన్నే మిగిలాను, నాకేమో ఆ లెక్కలు రావు.