గోడెక్కిన గడియారం

పరాయి దేశమొచ్చి ఏళ్లు గడిచినా ఆ లిఫ్టు మెకానిక్ తన అద్దె గది గోడకి ఒక్క మేకైనా కొట్టలేదు. చొక్కాలు తలుపు గడియకి వేలాడేవి, గడియారం నేలమీద పెట్టెకి చేరగిలబడి ఉండేది. ఇంటిదగ్గర్నుంచి భార్య వీడియోలో దెప్పేది. "ఏంటండీ, రైలు కోసం కూర్చున్నట్టు ఆ సంసారం?"

"వచ్చే ఏడు వచ్చేస్తాగా, మేకులెందుకే!" ఏటా అదే మాట.

పొద్దంతా లిఫ్టుల కింద నడుం వంచి, గదికొచ్చి టైము చూడ్డానికి కూడా వంగాలంటే ఒక సాయంత్రం ప్రాణం విసిగిపోయింది. సుత్తి తీసి మేకు కొట్టాడు. గడియారం గోడెక్కింది.

మర్నాడు భార్య వీడియోలో దాన్ని చూసింది. ఈసారి దెప్పలేదు.

"ఆ మేకు పీకెయ్యండి, మీకు పుణ్యముంటుంది."

ఆయన మంచం మీంచి లేవలేదు. "పీకినా చిల్లు ఉంటుందిగా," అన్నాడు.