ఉప్పు వేసిన చాక్లెట్టు

నా భార్య క్రిస్మస్‌కు వండిన చాక్లెట్టు పాకంలో మా లైన్ల సర్దారు గుప్పెడు ఉప్పు పోశాడు. తప్పు ఆమె మీదకు తోశాడు. తక్కిన కథ ఎవరికి గుర్తున్నా లేకపోయినా ఈ మాట గుర్తుండాలి.

అవి గిర్మిట్ రోజులు, సముద్రం దాటొచ్చి ఒప్పందం మీద కూలి చేసిన రోజులు. వునిమోలి దగ్గర చెరుకు తోటలో మేమిద్దరం కూలీలం; లైన్లనే వరస కొట్టాల్లో కాపురం, పైన కొరడా పట్టిన సర్దారు. నేను చెరుకు నరికేవాణ్ణి. ఆమెకు మాత్రం తోట మీద అధికారి అయిన కులంబరు దొర బంగళాలో వంటపని దొరికింది. ఎండ లేదు, కొరడా లేదు. ఆ చోటు మీద సర్దారు కన్ను పడింది; తన మరదల్ని అక్కడ పెట్టాలని వాడి కోరిక. వాడు పరాయివాడు కాదు, మన తెలుగువాడే. అందుకే ఇప్పటికీ కడుపు మండుతుంది.

బంగళా వెనక కోకో చెట్లుండేవి. ఆమె కాయలు పగలగొట్టి, గింజలు అరటాకుల్లో మాగబెట్టి, ఎండబెట్టి, ఇనప మూకుట్లో వేయించి, పొట్టు ఊది, రోట్లో నూరేది. నూరగా నూరగా నూనె తేలి ముద్ద నల్లగా మెరిసేది. మిల్లు పంచదార, కొబ్బరిపాలు పోసి పాకం పట్టి, నెయ్యి రాసిన పళ్ళెంలో పోసి, మైసూరుపాకులా ముక్కలు కోసేది. పాకం చుక్క నీళ్ళలో వేసి వేళ్ళతో చూసేదే తప్ప నాలిక మీద పెట్టేది కాదు. పండగ వంట దేవుడికి పెట్టకముందు ఎంగిలి చేయకూడదు గదా!

"దొరల పండక్కి కూడానా?" అని నవ్వాను.

"దొరల దేవుడైతే మాత్రం ఎంగిలి తింటాడా?" అంది.

ఆమె రుచి చూడదని సర్దారుకు తెలుసు, మనవాడే గదా. ఆమె బావికి వెళ్ళినప్పుడు బీడీకి నిప్పు కావాలంటూ వంటింట్లో దూరింది వాడొక్కడే. తోటమాలి చూశాడు; నాకు చెప్పాడు గానీ, కొరడాకు భయపడి ఇంకెవరికీ చెప్పనన్నాడు.

అతిథుల ముందు దొరసాని ముక్క ఉమ్మేసింది. మర్నాడు నా భార్య చేతికి పార వచ్చింది, వంటింట్లోకి సర్దారు మరదలు వెళ్ళింది. లైన్లలో ఆడవాళ్ళు ఊరుకుంటారా? "ఏం వదినా, ఇవాళ పప్పులో పంచదార వేశావా?" అనేవాళ్ళు. ఆమె మొదట్లో నవ్వేది. తర్వాత మానేసింది. రెండో వానాకాలంలో దగ్గుతో చెరుకు చాళ్ళలోనే పడిపోయింది, మళ్ళీ లేవలేదు. ఉప్పు తన చెయ్యి వేయలేదని చివరిదాకా అంటూనే ఉంది. ఆ మాట వాడి నోట, నలుగురి ముందు చెప్పిస్తానని ఒట్టు పెట్టుకున్నాను.

గిర్మిట్ ముగిసింది. వాడు డ్రెకేటిలో వరి పండించుకుంటూ పెద్దమనిషయ్యాడు. నేను అక్షరాలు నేర్చుకున్నట్టే, ఎవరూ చెప్పకుండా, పాకం పట్టడం నేర్చుకున్నాను. ప్రతి క్రిస్మస్‌కూ అదే చాక్లెట్టు, అంతే ఉప్పు. అటు వెళ్ళే బండివాడి చేతికిచ్చి, "ఇందులో ఉప్పు ఎవరు వేశారో చెప్పమను" అని పంపేవాణ్ణి.

"కాకా, బుడ్ఢా మొత్తం తినేశాడు," అనేవాడు బండివాడు తిరిగొచ్చి. "కుఛ్ నై బోలా. పళ్ళెం కడిగి ఇచ్చాడు."

"మొహం చిట్లించాడా?"

"నై కాకా. నీ చేతి వంట బాగుందేమో!"

నా పగను కూడా పలహారం చేసుకుంటాడా వాడు! ఒక ఏడు పళ్ళెం నేనే పట్టుకుని వెళ్ళాను. వాడి వాకిట్లో ఊరి పెద్దలు యాంగోనా అనే మత్తు వేరు రసం గిన్నె చుట్టూ కూర్చుని కొబ్బరి చిప్పలతో తాగుతున్నారు. పళ్ళెం వాడి ముందు పెట్టాను.

"సర్దార్, వీళ్ళందరూ వింటున్నారు. నా ఇంటిదాని పాకంలో ఉప్పు పోసింది ఎవరు?"

"ముందు కూర్చో తమ్ముడూ."

"కూర్చోను. చెప్పు."

అందరూ వాడి వైపు తిరిగారు. వాడు కొబ్బరి చిప్ప కింద పెట్టి, నా మొహం చూడకుండా మాట్లాడాడు. అన్నది అన్నట్టే రాస్తున్నాను.

"నేనే పోశాను. మా మరదలికి అప్పుడు మూడో నెల, చెరుకులో ఉంటే బిడ్డ దక్కేది కాదు. నీ ఆడది గట్టిది, తట్టుకుంటుంది అనుకున్నాను."