గంజి పడని పల్లెం

తిమ్మక్కకు కెమెరా అంటే పడదు. మనవరాలి పెళ్లికి గుంతకల్లు నుంచి ఫోటో ఆయన వచ్చి చుట్టాలందరినీ వరుసగా నిలబెడితే, ఆమె మాత్రం వంటపందిట్లోకి పోయి పొయ్యి ముందర కూర్చుంది. కొడుకు లక్ష్మన్న వెతుక్కుంటూ వచ్చాడు.

"రామ్మా, పెండ్లికూతురు నీకోసం అడుగుతాండాది."

"అడిగితే నా దగ్గరికే రమ్మను. ఆ పెట్టె ముందర నేను నిలబడను."

ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని ముసలమ్మకు భయమని పందిట్లో నవ్వుకున్నారు. తిమ్మక్కకు భయమంటే ఏమిటో తెలియదు. ఆమెకున్నది అసహ్యం. అది పన్నెండు పదమూడేళ్ల కిందట కడుపులో పడింది, ఆ తర్వాత అరగనే లేదు.

విడపనకల్లుకు దగ్గర్లోనే వాళ్ల ఊరు. యాభై రెండో సంవత్సరం నాటికి వానలు మొహం చాటేసి చాలా కాలమైంది. పశువులను పశుగ్రాసం దొరికే చోటికి తోలేశారు, మనుషులను తోలడానికి చోటు లేదు. ఊరి పెద్దలు కొంత, బయటి దాతలు కొంత వేసి బడి ముందర గంజి కేంద్రం పెట్టారు. వండి పోసే పని తిమ్మక్కది. ఆమె గరిటెను పల్లెం అంచుకు ఆనించి మెల్లగా వంచేది. ఒక్క చుక్క నేల మీద పడనిచ్చేది కాదు. పడితే ఆ పొద్దంతా తనను తానే తిట్టుకునేది. ముందు నిలబడలేనివాళ్లకు, ఆ తర్వాత పిల్లల తల్లులకు, చివర తక్కినవాళ్లకు. గట్టిగా అరిచేవాడికి అందరికంటే ఆఖరున.

నిలబడలేనివాళ్లలో మొదటివాడు కుళ్ళాయప్ప. ఒకప్పుడు కపిల తోలేవాడు. ఎద్దులను వెనక్కీ ముందుకీ నడిపించి బావిలోంచి తోలు బానతో నీళ్లు తోడడమే ఆయన బతుకు. బావి ఎండింది, ఎద్దులు పోయాయి, ఆయన మిగిలాడు. పెండ్లాం నల్లమ్మ కాళ్లు వాచి ఇంట్లోంచి కదలలేకపోయేది. కుళ్ళాయప్ప సగం గంజి తాగి, మిగతా సగం పల్లెంలోనే ఉంచుకుని, తొణక్కుండా ఇంటికి మోసుకుపోయేవాడు. అది చూసి తిమ్మక్క ఆయనకు కుండ అడుగున ఉండే చిక్కటి గంజి తీసి పోసేది.

"ఎక్కువేసినావే తిమ్మక్కా."

"మాట్లాడకుండా తాగప్పా."

ఒకనాడు పట్నం నుంచి బట్టలంగడి ఈశ్వరప్ప కారులో దిగాడు. రెండు మూటల రాగులు తెచ్చాడు. రాగులతోపాటు మూడు కాళ్ల మీద నిలబడే కెమెరానూ, దాన్ని మోసుకొచ్చే ఫోటో ఆయననూ తెచ్చాడు. గంజి అప్పటికే ఉడికి దిగింది. జనం పల్లేలు పట్టుకుని కూర్చున్నారు. ఫోటో అయ్యేదాకా ఎవరికీ పోయవద్దని ఈశ్వరప్ప చెప్పాడు. ఎండ ఇంకా సరిగ్గా పడలేదన్నాడు ఫోటో ఆయన. సరే, ఎండ కోసం కాచుకున్నారు. మూడేళ్లు వాన కోసం కాచుకున్న జనానికి ఇదొకటి.

ఎండ పడ్డాక ఫోటో ఆయన వరుస వెంట నడుస్తూ, సంతలో గొర్రెను చూసినట్టు ఒక్కొక్కరినీ చూసి, కుళ్ళాయప్ప దగ్గర ఆగాడు.

"ఈయన బాగుంటాడు. పెద్దాయనా, అంగీ తీసెయ్."

కుళ్ళాయప్ప తిమ్మక్క వైపు చూశాడు. ఆడవాళ్ల ముందర వట్టి ఒంటితో కూర్చోవడం ఆయనకు సిగ్గు. అయినా తీశాడు. ఎముకలు లెక్కపెట్టేలా ఉన్న ఆ రొమ్మును చూసి ఫోటో ఆయన సంతోషపడ్డాడు. ఆ సంతోషం చూసి తిమ్మక్కకు అసహ్యం పుట్టింది.

ఈశ్వరప్ప గరిటె పట్టుకున్నాడు. ఇస్త్రీ చొక్కా మీద పడుతుందేమోనని చెయ్యి దూరంగా చాపి వంచితే, గంజి కాస్తా నేలపాలైంది. మళ్లీ ముంచాడు, మళ్లీ పోశాడు. ఎండిన నేల చటుక్కున పీల్చేసింది. చూస్తున్న జనం గుటకలు మింగారు.

"నాయనా, నాకియ్యండి, నేను పోస్తా," అంది తిమ్మక్క.

"నువ్వు అడ్డం రావద్దమ్మా," అన్నాడు ఫోటో ఆయన. "అసలు పల్లెంలో గంజి ఉంటే ఆవిరికి మొహం మసకబారుతుంది. ఖాళీ పల్లెమే పట్టుకో పెద్దాయనా. అయ్యగారూ, మీరు వంచీ వంచనట్టు పట్టుకోండి. ఎవరూ కదలొద్దు."

కుళ్ళాయప్ప కదల్లేదు. కదిలే శక్తి ఉంటే గదా. ఫోటో అయిపోయింది. ఇంకోటి తీయాలి, అక్కడే కూర్చోమని ఆయనను పక్కనే ఉన్న రాతిమీద కూర్చోబెట్టారు. ఇక తక్కినవాళ్లకు పోయవచ్చని ఈశ్వరప్ప అనగానే, అంతసేపు ఆకలి ఆపుకున్న జనం కుండ మీద పడ్డారు. తిమ్మక్క వరుస, తిమ్మక్క పద్ధతి అన్నీ ఆ తొక్కిసలాటలో పోయాయి. చుట్టూ చేతులు, పల్లేలు. ఆమె పోస్తూ పోస్తూ పోయింది. గరిటె అడుగుకు తగిలి చప్పుడైనప్పుడు తలెత్తి చూస్తే, రాతిమీద అంగీ లేకుండా ఖాళీ పల్లెంతో కుళ్ళాయప్ప అలాగే కూర్చుని ఉన్నాడు. రెండో ఫోటో అక్కర్లేదనుకుని ఫోటో ఆయన కెమెరా మూట కట్టేస్తున్నాడు. కుళ్ళాయప్పకు లేవమని చెప్పాలని ఎవరికీ తోచలేదు.

తిమ్మక్క కారు దగ్గరికి పోయింది. "అయ్యా, ఆయప్పకు గంజి లేకపోయె."

ఈశ్వరప్ప రుమాలుతో వేళ్లు తుడుచుకుంటున్నాడు. "రేపు ఇంకో గరిటె ఎక్కువ వెయ్యమ్మా. ఫోటో మాత్రం బ్రహ్మాండంగా వచ్చుంటుంది."

కారు దుమ్ము లేపుకుంటూ పోయింది. ఆ దుమ్ములో తిమ్మక్క ఉమ్మేసింది. కుండలో కాసిని నీళ్లు పోసి, నాలుగు వైపులా గీకి, ఉప్పు వేసి కలిపి ఆ కడుగునీళ్లు కుళ్ళాయప్ప పల్లెంలో పోసింది. ఆయన సగం తాగాడు. సగం ఇంటికి మోసుకుపోయాడు.

కొన్నాళ్లకు చలిజ్వరం వచ్చి పోయాడు. ఆ పొద్దు గంజి దొరక్కే పోయాడని ఎవరూ అనలేదు, తిమ్మక్క కూడా అనలేదు.

మరుసటేడు వాన పడింది. శెనక్కాయ పండింది, చేతుల్లో నాలుగు దుడ్లు ఆడాయి. పట్నంలో ఈశ్వరప్ప అంగట్లో బట్టలు కొంటే రంగుల క్యాలెండరు ఊరికే ఇస్తున్నారని, దాంట్లో మన ఊరి ఫోటో వేశారని వార్త వచ్చింది. ఇంక చూడాలి. చీరలున్నవాళ్లు చీరలు కొన్నారు, పంచెలున్నవాళ్లు పంచెలు కొన్నారు. ఒక ఇంట్లో ఉందంటే ఇంకో ఇంట్లో లేకుండా ఎట్లా? మొన్నటిదాకా ఖాళీ పల్లెం పట్టుకుని కూర్చున్నవాళ్లే ఇప్పుడు గోడకు మేకు కొడుతూ, వెనక మూలన కనిపించే మోచెయ్యి నాదంటే నాదని వాదులాడుకున్నారు.

లక్ష్మన్న కూడా ఒకటి తెచ్చాడు. తిమ్మక్క చూసింది. గరిటె పట్టుకుని ఈశ్వరప్ప చిరునవ్వు. ఎదురుగా రొమ్ము మీద గుడ్డ లేని కుళ్ళాయప్ప. కింద పెద్ద అక్షరాల్లో పట్టుచీరలు, మేలురకం పంచెలు మా ప్రత్యేకత అని కొడుకు చదివి వినిపించాడు.

"అంగీ విప్పించి, ఆయప్ప ఎముకలు చూపించి బట్టలమ్ముకుంటాడారా వాడు? మీరు పోయి కొంటిరా?"

"మన ఊరి పేరు నలుగురికీ తెలిసింది గదమ్మా."

"ఏమని తెలిసింది?"

ఆమె ఆ క్యాలెండరును చించి పొయ్యిలో పెట్టింది. అంతటితో కోపం చల్లారలేదు. నల్లమ్మ గుడిసెలోనూ ఎవరో పుణ్యాత్ములు ఒకటి తగిలించిపోయారని తెలిసి, అదీ చించాలని అప్పటికప్పుడే బయలుదేరింది. కట్టుకున్నవాడిని అట్లా చూసుకుంటూ ఆ ముండమోసిన మనిషి ఎట్లా బతకాలి?

పొద్దు వాలుతోంది. గుడిసెలో గోడకు క్యాలెండరు ఉంది. దాంట్లోని కుళ్ళాయప్ప నొసట కుంకుమ బొట్టు ఉంది. పటం కింద, మట్టి మూకుట్లో చిన్న సంగటి ముద్ద. నల్లమ్మ వాచిన కాళ్లు చాపుకుని దాని ఎదురుగా కూర్చుని ఉంది.

చించడానికి చాచిన చెయ్యి తిమ్మక్క వెనక్కి తీసుకుంది. "ఇదేందే, ముద్ద ఈడ పెట్టినావు?"

"ఏం చేసేది తిమ్మక్కా. ఆయప్పది ఇంకొక పటం యాడుండాది? ఇదొకటే. కానీ యా పొద్దు చూసినా ఖాళీ పల్లెమే పట్టుకోని కూసోనుంటాడు. ఆ గరిటె వంగదు, గంజి పడదు. చూస్తా చూస్తా నా నోట్లోకి ముద్ద పోలేదు. అందుకని ముందర ఆయప్పకు పెట్టి తింటాండా."

తిమ్మక్క అక్కడే కూలబడి ఏడ్చింది. ఏడుస్తూనే ఈశ్వరప్పను, ఫోటో ఆయనను, మేకులు కొట్టిన ఊరిని, నోటికొచ్చినట్టల్లా తిట్టింది.

ఆ తర్వాత నల్లమ్మ బతికున్నన్నాళ్లూ, తన ఇంట్లో సంగటి కెలికిన పొద్దల్లా తిమ్మక్క రెండు ముద్దలు పట్టుకుని ఆ గుడిసెకు పోయేది. ఒకటి నల్లమ్మ చేతిలో పెట్టేది. రెండోది పటం కింద మూకుట్లో, కుండ అడుగునుంచి తీసింది పెట్టేది. గోడ మీదికి మాత్రం చూసేది కాదు. పెట్టేసి, మొహం తిప్పుకుని వచ్చేసేది.