మరిదికి వడ్డించిన కూర

చాన ఏండ్ల సంది ఒక మాట నా కడుపుల పడి ఉన్నది. పెనిమిటికి చెప్పలె. కన్న బిడ్డకు చెప్పలె. మీకు చెప్తున్న, మీరు నన్ను ఎరగరు కాబట్టి. పేరు మాత్రం అడగకున్రి.

మా మరిది నర్సిమ్మ పోయిన నెల సచ్చిపోయిండు. నాకు ఏడుపు రాలె. ఇప్పటికీ వస్తలేదు. పన్ను పీకేటప్పుడు సూదిచ్చినంక దవడ మొద్దుబారుతది సూడున్రి, ఒళ్లంత గట్లున్నది.

ఆయన పెండ్లి చేసుకోలె. మా ఇబ్రహీంపట్నం చుట్టు గుట్టలల్ల తిరుగుడే ఆయన బతుకు. తేనె తెచ్చేటోడు, చెరువుల చేపలు పట్టేటోడు, కౌజుపిట్టలు పట్టేటోడు. ఒకని కింద పని చెయ్యకపోయేది. మా ఇంట్ల తినుడు, బయట అరుగు మీద పండుడు. నోరు మాత్రం కట్టె ఇరిచినట్టే. "వదినె, ఇది పప్పా, కుడితా?" అని మొకం మీదనే అనేటోడు. నాకు మస్తు కోపమొస్తుండె. కానీ ఆయన అబద్ధమాడంగ నేను ఎన్నడు ఇనలె.

కౌజుపిట్టను పట్టాలంటే ఇంకో కౌజుపిట్ట కావాలె. మచ్చికైన దాన్ని పంజరంల పెట్టి పొదల కాడ దించితే అది కూస్తది. ఆ కూతకు అడివి పిట్టలు కొట్లాటకొచ్చి ఉచ్చుల పడ్తయి. ఆయనకు గట్లాంటిది ఒకటుండె. పిల్లప్పటి సంది సాకిండు. పుట్ట తవ్వి చెదలు తెచ్చి అరచేతుల పెట్టి తినిపిస్తుండె. ఇడిస్తే ఆయన ఎంబడే నడిచేది. మాతోని మాట్లాడిన దానికంటే దానితోనే ఎక్కువ మాట్లాడేటోడు.

ఎండకాలం ఒకనాడు మా అన్న యాచారం నుంచి వచ్చిండు. ఏదో పంచాదిల అలిగి, చాన రోజులకు మా ఇంట్ల అన్నం తిననీకి వచ్చిండు. "బావా, ఇయ్యాల కౌజుల కూర తినాలె" అన్నడు నర్సిమ్మతోని.

"గిది గుడ్లు పెట్టే కాలం. ఇప్పుడు పట్ట. తినాల్నంటే బాయిలర్ కోడి తెచ్చుకో" అని, తువ్వాల భుజం మీదేసుకొని చెరువు దిక్కు పోయిండు.

మా అన్న మొకం చిన్నబోయింది. "నీ ఇంట్ల నీ ఇలువ గింతేనా?" అన్నడు నాతోని. నా తల తీసేసినట్టైంది.

తెల్వక చేసిన అని ఎన్ని రోజులు నాకు నేను చెప్పుకున్ననో. ఏం తెల్వక? ఇంట్ల ఉన్నదే ఒక్క పిట్ట. పంజరం తలుపు తీసిన. దానికి నేనెరుకే. తనంతల తానే చేతులకొచ్చింది. చెదలు తెచ్చిననుకున్నదేమో.

ఒక్క పిట్ట ఎంతుంటది? ఆలుగడ్డలేసి కూర పెంచిన. మా అన్న కడుపునిండ తిని పోయిండు.

పొద్దు వాలకముందే నర్సిమ్మ వచ్చిండు, ఆకలైతుందన్నడు. పప్పు కూడ ఉండె. ఎందుకు వడ్డించిన ఆ కూర? నన్ను నేను ఎన్నిసార్లు అడిగిననో లెక్కలేదు. అప్పటికి కోపం ఎటో పోయింది. ఇల్లంత వాసనున్నది, పెట్టకపోతే అడుగుతడని భయపడ్డ. లేకపోతే నా చేతులు నా మాట ఇనలేదా? ఏమో. ఇప్పటికీ సక్కగ చెప్పరాదు నాకు.

"ఇదేం కూర వదినె?"

"పిట్టలు. మా అన్న తెచ్చిండు, యాచారం దిక్కు పట్టిన్రంట."

"ఈ కాలంల పట్టిన్రా? బుద్ధి లేదు వాళ్లకు." అన్నడు గాని తిన్నడు. కంచం తుడ్సుకొని తిన్నడు. "కూర మాత్రం మంచిగొండినవ్ వదినె."

నా వంటను ఆయన మెచ్చుకున్నది గదొక్కనాడే.

చెయ్యి కడుక్కొని, రొంటిన మూట కట్టిన చెదలు తీసి పంజరం కాడికి పోయిండు. "పిల్లి ఎత్కపోయిందేమో" అన్న నేను. "పిల్లైతే ఈకలుండాలె గదా" అన్నడు. ఈకలు నేను పొయ్యిల కాలవెట్టిన. గొళ్లెం ఏసి తీసి సూసిండు. "తలుపు నేనే సక్కగ ఎయ్యలేదు" అన్నడు.

పిట్టల సంగతి గంత తెల్సినోడు, కంచంల ఎముకలు సూసి పోల్చుకోలేదా? తెలిస్తే మొకం మీదనే అంటుండె. అనలె. అంటే తెల్వదు. అన్నం పెట్టేటోళ్లు గంత పని చేస్తరని ఆయనకు తట్టలేదు.

ఆ ఎండకాలమంత గుట్టల పొంటి దాన్ని పిలుసుకుంట తిరిగిండు. ఊరోళ్లంత నవ్విన్రు. ఇంకో పిట్టను సాకలె. మెల్లమెల్లగ గుట్ట ఎక్కుడు బంద్ చేసిండు. ఆఖరికి కొంగరకలాన్ దిక్కు ఒక వెంచర్ల వాచ్‌మన్‌గ కుదిరి, ఆడనే ఉండవట్టిండు. ఒకసారి బస్సుల పోతుంటే సూసిన. నీలి అంగీ ఏసుకొని, కారుకు గేటు తీస్తున్నడు, చెయ్యెత్తి సలాం కొడ్తున్నడు. నేను మొకం తిప్పుకున్న. వయసైంది, గుట్టలన్ని ప్లాట్లైనయ్, ఏం చేస్తడు అన్నరందరు. నేను కూడ గదే అన్న.

ఆ గేటు కాడనే, కుర్చీల కూసున్నోడు కూసున్నట్టే పోయిండు.

మూడొద్దులకు పిట్టకు పెట్టాలె. సచ్చినోళ్లకు ఇష్టమైనయి వండి, బొంద కాడ ఆకుల పెడ్తే కాకి ముట్టాలె. "నువ్వెప్పుడో ఒండిన కౌజు కూర ముచ్చటనే చెప్తుండె తమ్ముడు, కలిసినప్పుడల్ల. గది ఒండు" అన్నడు మా ఆయన. బడంగ్‌పేట్ల ఫారం కౌజులు దొరికితే తెచ్చిండు. ఒండిన. ఉడికిందా లేదా అని ముక్క నొక్కి సూసిన కూడ.

కాకులు వచ్చినయ్, చుట్టు తిరిగినయ్, ముట్టలె. ఏం కోరిక మిగిలిందో అని ఒక్కొక్కలు ముందుకొచ్చి దండం పెట్టిన్రు. సమాధి కట్టిస్తమని మా ఆయన మొక్కిండు. ముట్టలె. "అన్నం పెట్టిన చెయ్యి నీది, నువ్వడుగు" అని నన్ను ముందుకు నూకిన్రు.

'నేనే' అని చెప్పనీకే నోరు తెరిచిన. అందరు నా దిక్కే సూస్తున్నరు. "కారం ఎక్కువైందేమో" అన్న.

ఆఖరికి ఆ కూర చెరువుల కలిపొచ్చిన్రు.

నీ పిట్టను నేనే కోసిన, నర్సిమ్మా. నీతోనే తినిపిచ్చిన. మాఫ్ చెయ్యమని అడుగుతలేను, అడగనీకి నువ్వు లేవు. ఉన్నప్పుడు అడగలె. ఆడ చెప్పలేని మాట ఈడ చెప్పిన. జర ఊపిరాడుతున్నది. గంతే.