నేను చెరిపించిన టేపు

ఈ మాట ఇన్నేళ్లూ నా లోపలే ఉండిపోయింది. నా భార్యకు చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. చెప్పలేదు. పోయిన ఏడాది ఆమె చనిపోయింది. ఇప్పుడు మీకు చెబుతున్నాను. మీరు నన్ను ఎరగరు. ఎరిగినవాళ్లకు చెప్పే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు.

సికింద్రాబాద్ చుట్టూ సాఫ్ట్‌వేర్ జీతాలతో ఇళ్లు లేస్తున్న రోజులవి. నేను ఒక వార్తా చానల్ డెస్కులో పనిచేసేవాణ్ని. రాంగోపాల్‌పేట్‌లో అద్దె ఇల్లు. అంతకుముందు పేపర్లో ఉన్నాను. అక్కడ ఒక చావు వార్త రాయాలంటే పోలీస్ స్టేషన్‌కు రెండుసార్లు ఫోన్ చేసేవాళ్లం. చానల్లోనూ మొదటి ఏడాది అలాగే చేశాం. తర్వాత రోజంతా వార్తలే అన్నారు. ఇరవై నాలుగు గంటలకు సరిపడా వార్త ఎక్కడ దొరుకుతుంది? ఉన్న బొమ్మనే తిప్పి తిప్పి వేసేవాళ్లం. కొత్తది వచ్చేదాకా పాతది తిరుగుతూనే ఉండాలి. అదీ మా పద్ధతి.

యాప్రాల్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి డాబా మీదనుంచి పడి చనిపోయాడు. నీళ్ల ట్యాంకు చూడటానికి ఎక్కాడట. మా కెమెరామన్ ఆ ఇంటికి వెళ్లి అరగంట టేపు తెచ్చాడు. అందులో ఒకచోట, గుమ్మం ముందు విడిచిన చెప్పుల్లో అతని కాలు తట్టుకుని కెమెరా ఊగింది. "పైలం అన్నా, పడతవ్" అని ఒక ఆడగొంతు. కెమెరా ఆమె మీద నిలిచేసరికి ముఖంలో చిన్న నవ్వు. రెండు సెకన్లు. ఆమె చనిపోయినవాడి భార్య. తిరుమలగిరిలో ఒక స్కూల్లో టీచరు.

బులెటిన్ ఇన్‌చార్జి నా కుర్చీ వెనక నిలబడ్డాడు. "ఏందన్నా, పొద్దుగాల్నుంచి ఆ ఇంటి గేటే చూపిస్తున్నం. జనం రిమోట్ నొక్కుతరు. ఇంకేం లేదా?"

ఉంది, అన్నాను. అతనికి ఆ నవ్వు సంగతి తెలియదు. నేనే చూపించాను. మాట తీసేసి, నవ్వు మాత్రం ఉంచి, నెమ్మదిగా కదిలేట్టు చేసి ఇచ్చాను. "ఇంట్లో భర్త శవం.. భార్య ముఖంలో నవ్వు" అని కింద రాసిందీ నేనే. సాయంత్రం దాకా అది తిరిగింది. ఎందుకు చేశాను? ఉద్యోగం పోతుందనా? తీసేస్తామని ఎవరూ అనలేదు. కాలం అలాంటిదని, చానళ్లన్నీ అదే చేస్తున్నాయని నాకు నేను ఎంతో కాలం చెప్పుకున్నాను గానీ, ఇన్‌చార్జి నా భుజం తట్టి "శభాష్ అన్నా" అన్న ఆ ఒక్క మాట నాకు బాగుండిందని ఒప్పుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది.

మూడో రోజు ఆమె ఫోన్ చేసింది. నేనే ఎత్తాను.

"సార్, మీ కెమెరా ఆయన పడవోయిండు. పైలం అని అన్న. గంతే సార్. ఆ టేపు మొత్తం మీ తాన ఉంటది గదా? మా అత్తమ్మకు సూపెట్టాలె. స్కూల్ల పెద్ద మేడమ్ సుత రావొద్దన్నది."

"ఉండదమ్మా. టేపులు మళ్లీ వాడతాం. చెరిపేశారు."

"ఒక్కసారి జెర సూడున్రి సార్."

"లేదమ్మా."

ఆమె అంది: "నా నవ్వు ఎన్నిసార్లు వేసిన్రు సార్? మా ఆయన ఫోటో ఒక్కసారే వేసిన్రు."

టేపు నా బల్ల మీదే ఉంది. ఫోనుకు జానెడు దూరంలో. అట్ట మీద నా చేతిరాత. ఫోన్ పెట్టేసి, తీసుకెళ్లి టేపుల లైబ్రరీలో ఇచ్చాను, మళ్లీ వాడుకోమని. మధ్యాహ్నానికి దాని మీద ఏదో సినిమా ఫంక్షన్ ఎక్కింది. నేను ఆడిన అబద్ధాన్ని అలా నిజం చేశాను. ప్రమాదమేనని పోలీసులు తేల్చిన సంగతి తెర అడుగున ఒక్క వరుసగా, ఒక్కసారి పోయింది.

ఆమె ఉద్యోగం పోయిందని, అత్తగారు గడప తొక్కనివ్వలేదని కొన్నాళ్లకు ఆ పక్క వార్తలు చూసే రిపోర్టరు చెప్పాడు. చెప్పి టీ తాగాడు. నేనూ తాగాను.

నా భార్య పోయిన రోజు పక్కింటావిడ టీ తెచ్చింది. "అయ్యో, చక్కెర మరిచిన అన్నా" అని తల పట్టుకుంది. పరవాలేదమ్మా అని నవ్వాను. ముందు గదిలో చాప మీద నా భార్య ఉంది. నేను నవ్వాను. ఎవరూ ఏమీ అనుకోలేదు. ఆ ఇంట్లో కెమెరా లేదు.

ఆ టీచరు ఇప్పుడు ఎక్కడుందో నాకు తెలియదు. వెతికానని చెబితే అది ఇంకో అబద్ధం. ఇది చదివినా ఆమెకు జరిగే మేలు ఏమీ లేదు. ఆమె అడిగిన దానికి ఆ రోజు ఫోన్లో ఇవ్వాల్సిన జవాబు మాత్రం ఇన్నాళ్లూ నా దగ్గర ఉండిపోయింది.

టేపు ఉందమ్మా. నా ముందే ఉంది.